పుట్టువెంట్రుకల బొమ్మ

రెండు గిన్నెల గోధుమపిండి, ఒక గిన్నె మెత్తగా నూరిన ఉప్పు, ముప్పావు గిన్నె నీళ్ళు. అంతే. నూనె అక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు. చపాతీ పిండి కంటే గట్టిగా పిసికి, కావలసిన ఆకారం చేసి నాలుగు రోజులు ఎండలో పెడితే రాయి అవుతుంది. ఎలుక ముట్టదు, పురుగు పట్టదు. ఇది నాకు నేర్పింది బుల్లెమ్మ. ఇరవై మూడేళ్ళయింది, మరిచిపోలేదు. మరిచిపోవాలని చూడలేదని కాదు.

ఊరి పేరు చెప్పను. పటాన్‌చెరు నుంచి భానూర్ పోయే తొవ్వలో ఎక్కడో ఒకచోట అనుకోండి. ఆనాడు మా వాకిట్లో ఉన్నవాళ్ళలో సగంమంది ఇంకా ఉన్నారు. మనవలను చంకనేసుకొని తిరుగుతున్నారు, నేను కనబడితే "మంచిగున్నవా బిడ్డా" అని అడుగుతారు. నేనూ "మంచిగున్న కాకా" అంటాను. అట్లా అన్నప్పుడల్లా వాళ్ళ పళ్ళ వైపు చూస్తాను. ఎవరితో మాట్లాడినా ముందు పళ్ళు చూసే అలవాటు నాకు అప్పటిదే.

అది ఎనభై ఐదో సంవత్సరం, నాకు పదేళ్ళు. మా పొలంలో సగం మందుల కంపెనీకి పోయింది. ఆ పైసలతో బాపు ఇంటి పక్కనే వరుసగా మూడు అర్రలు కట్టి కంపెనీ పనివాళ్ళకు కిరాయికి ఇచ్చాడు. దసరా వెళ్ళిన వారానికి చివరి అర్రలోకి బుల్లెమ్మా, ఆమె భర్త ఏసోబూ దిగారు. కాకినాడ దగ్గర ఏదో ఊరు వాళ్ళది. ఏసోబు కంపెనీలో ఫిట్టరు. చిన్న ఇనుప ట్రంకు, రెండు గిన్నెలు, ఒక పనిముట్ల సంచి, అదే వాళ్ళ సంసారం. పిల్లలు లేరు. బుల్లెమ్మకు పాతికేళ్ళు ఉంటాయేమో. ముందరి పై పళ్ళ మధ్య జొన్నగింజ పట్టేంత సందు. నవ్వితే అదే ముందు కనబడేది, ఆమె ఊరికూరికే నవ్వేది.

మా నాయనమ్మ దేవమ్మ ఎవరినీ మెచ్చే మనిషి కాదు. అట్లాంటిది రెండు వారాలకే బుల్లెమ్మ చేతికి లొంగింది. పొద్దుగూకే ముందు బుల్లెమ్మ ఆముదం వెచ్చచేసి తెచ్చి నాయనమ్మ మోకాళ్ళకు రాసేది.

"ఇంకాస్త గట్టిగా రాయనా మామ్మగారూ?"

"రాయి బిడ్డా. ఏమ్మో, నీ చేతిల ఏదో ఉన్నది. నా కోడలు రుద్దితే నూనె దండుగైతది" అనేది నాయనమ్మ, మా అమ్మ సత్తెమ్మ వినేటట్టే.

కానీ నన్ను మాత్రం ఆ అర్రకు పోనిచ్చేది కాదు. "గాళ్ళు కిరస్తానోళ్ళు. గాళ్ళింట్ల ఏం ముట్టకు, ఏం తినకు" అని కట్టడి. మోకాళ్ళ దగ్గర లేని పట్టింపు నా దగ్గరికొచ్చేసరికి ఎక్కడినుంచి వచ్చేదో నాకు అర్థమయ్యేది కాదు.

నేను పోయేదాన్ని. నాయనమ్మ పగలు కునుకు తీసేటప్పుడు పోయేదాన్ని. కిరాయి అర్రల పిల్లలు మరో నలుగురు అప్పటికే అక్కడ చేరేవారు. నవంబరు చివర్లో ఒక ఆదివారం బుల్లెమ్మ తాంబాళంలో పిండి పోసి, రాళ్ళ ఉప్పు నూరి కలిపింది.

"నాయనమ్మ సూస్తే సంపుతది అక్కా. తినే పిండితోని ఆడుతరా అంటది" అన్నాను.

"తినే పిండెక్కడిదే పిల్లా! రేషన్ షాపువాడిచ్చిన పురుగుల పిండి. దీన్ని జల్లించడం కంటే చుక్కలు చేసుకోవడం మేలు. మా ఊళ్ళో మిషను హాస్టల్లో ఏటా చేసేవాళ్ళం, క్రిస్మస్‌కి."

చుక్కలంటే స్టీలు గ్లాసుతో గుండ్రంగా కోసి, చాకుతో అయిదు కొమ్ములు తీసినవి. పసుపు కలిపితే పచ్చ చుక్క, కుంకుమ కలిపితే ఎర్ర చుక్క, బట్టల నీలిమందు కలిపితే నీలం చుక్క. పైన చీపురుపుల్లతో బొక్క పొడిచి, ఎండినాక దారం ఎక్కించేవాళ్ళం. దారాన్ని బుల్లెమ్మ ఆ సందుపళ్ళతోనే పుటుక్కున కొరికేది. కత్తెర ఉంది కదా అంటే, "దేవుడిచ్చిన కత్తెర ఉండగా అదెందుకే" అని నవ్వేది.

వాళ్ళ ఊళ్ళో ఈ చుక్కలు సరుగుడు కొమ్మకు కడతారట. మా దగ్గర సరుగుడు ఎక్కడిది? ఏసోబు కంపెనీ వెనకాల నుంచి నిలువెత్తు తుమ్మకొమ్మ కొట్టుకొచ్చి, ఇసుక డబ్బాలో నిలబెట్టాడు. తెల్లటి ముళ్ళ మధ్య ఎర్రవీ పచ్చవీ చుక్కలు వేలాడుతుంటే మేము నోరు తెరిచి చూశాం.

నా కుడి బొటనవేలికి ఒక గీత ఉంది. ఏడేళ్ళప్పుడు గడ్డి కోస్తూ కొడవలితో తెగింది. వేలిముద్ర మీదుగా ఏటవాలుగా ఉంటుంది. నేను చేసిన ప్రతి చుక్క వెనకాలా, ఒత్తినచోట, ఆ గీత పడేది. బుల్లెమ్మ చుక్కలు బోర్లించి చూసి పసిగట్టేది.

"ఇదిగో, ఇది సుమిత్రది. సంతకం పెట్టేసిందమ్మా! నువ్వు దొంగతనం చేస్తే ఇట్టే దొరికిపోతావే."

పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

డిసెంబరు మొదటివారంలో బుల్లెమ్మ, కొమ్మ కింద గడ్డి పరిచి అందులో ఒక పసిపిల్లవాడిని పడుకోబెట్టాలని చెప్పింది. ఆ పిల్లవాడి పుట్టినరోజే పండుగ అట. నేను చేస్తానంటే నేను చేస్తానని అందరూ ఎగబడ్డారు. నేను గట్టిగా అరిచి గెలిచాను. నాకు చూసి చేయడానికి మా ఇంట్లోనే ఒకడున్నాడు మరి.

మా తమ్ముడి పేరు పెంటయ్య. నా తర్వాత ఇద్దరు పుట్టి పోయారు. మూడోవాడు పుట్టగానే నాయనమ్మ వాడిని చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టి, మళ్ళీ తెచ్చుకొని ఆ పేరు పెట్టింది. పారేసిన బిడ్డను చావు కూడా అడగదని. వాడి పుట్టువెంట్రుకలు బొంతపల్లి వీరన్నకు మొక్కు. మూడేళ్ళు నిండినాక గుడిలో తీయిస్తామని, అప్పటిదాకా కత్తెర తగలనీయమని మొక్కుకున్నారు. అందుకని వాడికి ఆడపిల్లలాగా భుజాల దాకా ఉంగరాల జుట్టు. అమ్మ రోజూ దువ్వి పిలక వేసేది. దువ్వెనలో రాలిన వెంట్రుకను కూడా బయట పారేయకుండా గుడ్డలో ముడివేసి దాచేది నాయనమ్మ. అవి దేవుడివి.

నేను ఎంత చేసినా పిండి పిల్లవాడు బోడిగుండుతో మా పెంటయ్యలాగా కాలేదు. మసిపూసి చూశాను, బాగాలేదు. మరునాడు వాడు నిద్రపోతుంటే బాపు గడ్డం గీసుకునే బ్లేడుతో చెవి వెనకాల నుంచి ఒక్క ఉంగరం, వేలెడంత, కోసుకొని పోయాను. పచ్చి పిండిలోకి ఒత్తాను. అప్పుడు అచ్చం పెంటయ్య అయ్యాడు.

"జుట్టెక్కడిదే?" అంది బుల్లెమ్మ.

"నాదే."

"ఎంత ముద్దుగా ఉన్నాడో! మీ తమ్ముడే కదూ?" పండుగ అయినాక కొమ్మకు కట్టుకోవచ్చంటూ నడినెత్తిన పుల్లతో బొక్క పొడిచి, ఎండలో పెట్టింది.

నాలుగు రోజులకు ఎండాడు. గడ్డిలో పెట్టే ముందు ఒక్క రాత్రి ఇంటికి తీసుకుపోతానని బతిమాలి తెచ్చుకున్నాను. పెంటయ్యకు చూపిస్తే వాడు లాక్కొని "తమ్మీ" అన్నాడు. తనకు ఒక తమ్ముడు దొరికాడని వాడి సంబరం. ఇవ్వనంటే ఇవ్వనన్నాడు. నాయనమ్మకు కనబడొద్దని వాడి బొంత కింద, తల దగ్గర పెట్టాను. ఒక్క రాత్రి మూడు రాత్రులయింది. మూడోనాటికి వాడికి జ్వరం వచ్చింది.

ఒళ్ళు కాలిపోయింది. మొదటిరోజు కషాయం, రెండోరోజు ఆరెంపీ సూది. మూడోరోజు మధ్యాహ్నం కళ్ళు పైకి తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాడు. నాకు తెలుసు ఎందుకొచ్చిందో. వీరన్న వెంట్రుక కోసింది నేను. నేను దేవుడి గూటి ముందు నిలబడి, వాడికి తగ్గితే నా జుట్టంతా ఇస్తానని మొక్కాను. అప్పుడైనా నోరు తెరిచి ఇంట్లో చెప్పలేదు.

బాపు వాడిని ఎత్తుకున్నాడు. నాయనమ్మ తడిసిన బొంత లాగి దులిపింది. బొమ్మ కిందపడి, టక్కున మోగింది.

బాణామతి అంటే ఏమిటో మా జిల్లాలో ఆ రోజుల్లో పిల్లలకు కూడా తెలుసు. పిండితోనో మట్టితోనో మనిషి బొమ్మ చేస్తారు. ఆ మనిషి వెంట్రుక పెడతారు. బొమ్మకు ఎక్కడ గుచ్చితే మనిషికి అక్కడ బాధ పుడుతుందంటారు. మా నాయనమ్మ చూసింది ఏమిటి? పిండి బొమ్మ, ఉప్పు వేసింది. నెత్తిన పోటు. వీరన్నకు ముడుపు కట్టిన తన మనవడి వెంట్రుక. దొరికింది వాడి తల కింద. ఇంకేం కావాలి?

నాయనమ్మ అరవలేదు. బొమ్మను కొంగుతో పట్టుకొని నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"ఎవరు చేసిండ్రే గిది?"

ఇంట్లో పిల్లనని అడిగింది, నా మీద అనుమానంతో కాదు. నాకు మాత్రం వెంట్రుక కోసిన సంగతి తెలిసిపోయిందనిపించింది. ఆ అర్రకు పోయింది, పిండితో ఆడింది, దేవుడి జుట్టు కోసింది, తమ్ముడిని చంపుతున్నది, అన్నీ ఒక్కసారే నా గొంతులోకి వచ్చాయి. బొటనవేలు గుప్పిట్లో దాచుకున్నాను.

"బుల్లెమ్మక్క" అన్నాను.

ఒక్క మాటే. అబద్ధం చెప్తున్నానని కూడా అనుకోలేదు. బొమ్మలు చేసేది ఆమే కదా, ఆమె పెద్దది కదా, పెద్దవాళ్ళను ఎవరూ కొట్టరు కదా. పదేళ్ళ పిల్ల తెలివి అంతే.

నాయనమ్మ బుల్లెమ్మను పిలిపించింది. అప్పటికే వాకిట్లో పదిమంది చేరారు. ముందు మా బాపుకు తమ్ముడి వరుసయ్యే చిన్నరాములు కాక. అంతకుముందు నెలలో ఆయన పాడిబర్రె ఉన్నట్టుండి చచ్చింది, అప్పటినుంచి ఎవరి మీద పడదామా అని చూస్తున్నాడు. బుల్లెమ్మ పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమ్మో, గిది ఎవరు చేసిండ్రు?"

బుల్లెమ్మ బొమ్మను అందుకుంది. చూసి, బోర్లించింది. వీపు మీద నా బొటనవేలి ముద్ర, ముద్ర మీద ఏటవాలుగా గీత. దాన్ని వేలితో ఒకసారి తడిమింది. తలెత్తి నన్ను చూసింది. నేను గుంజ చాటున, గుప్పిట బిగించుకొని ఉన్నాను. ఆమెకు అర్థమయింది. అంటే, ఆమెకు అర్థమయినంత అర్థమయింది. పిండితో ఆడినందుకు ఈ పిల్లకు ఇవాళ దెబ్బలు పడతాయని. కాకినాడ మనిషికి బాణామతి సంగతి ఏం తెలుసు?

"నేనే చేశానండీ మామ్మగారూ" అంది. "పిల్లలదేం లేదు. నన్ను తిట్టండి." అని ఆ సందుపళ్ళు కనబడేటట్టు నవ్వింది.

బొమ్మ నాయనమ్మ తీసుకుంది. ఇంతలో పెంటయ్యకు మళ్ళీ ఫిట్సు వచ్చాయి. ఏసోబు అప్పుడే డ్యూటీ దిగి వచ్చినవాడు, సంచి అక్కడే పడేసి కంపెనీకి ఉరికి, మేస్త్రీ కాళ్ళు పట్టుకొని వ్యాను తెచ్చాడు. పెంటయ్యను తనే ఎత్తుకొని ఎక్కించాడు. బాపూ, అమ్మా, ఏసోబూ సంగారెడ్డి దవాఖానకు పోయారు. పనిముట్ల సంచి మా అరుగు మీదే ఉండిపోయింది.

మరునాడు పొద్దున. ఎండ బాగా వచ్చింది. నేను బడికి పోలేదు. నాయనమ్మ నన్ను ఇంట్లోకి తోసి బయటనుంచి గొళ్ళెం పెట్టింది. తలుపు సందులోంచి చూస్తే మా వాకిలి నిండా మనుషులు. బుల్లెమ్మ మధ్యలో నిలబడి ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూస్తోంది, ఏం జరుగుతోందో తెలియనట్టు.

"పండ్లూడితే మంతరం పలకది. గంతే. పానం తీస్తలేం కద" అని చిన్నరాములు కాక అందరికీ నచ్చచెప్తున్నాడు, బావి పూడిక తీసే పని పంచుతున్నట్టు. ఎవరో పట్కారు అడిగారు. ఎవరో అరుగు మీది సంచి విప్పి ఏసోబు కటింగ్ ప్లేయరు తీసిచ్చారు.

నేను తలుపు దగ్గరినుంచి వెనక్కి వచ్చి, గోడ మూలన కూర్చొని, రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాను. నేను చేశానని అరిస్తే వినబడేది. తలుపు గట్టిది కాదు, వాకిలి దూరం లేదు. అరవలేదు. అప్పుడే కంపెనీ ఎనిమిది గంటల సైరన్ మోగింది. వేళ్ళు పెట్టుకున్నా చెవుల్లోకి దూరింది. అందులో సైరన్ ఎంతో, ఆమె ఎంతో నాకు తెలియదు. ఆమె నా పేరు చెప్పిందో లేదో కూడా తెలియదు. పట్కారు చూసినాక ఏ మనిషైనా చెప్పి ఉండాలి. ఈ ఇరవై మూడేళ్ళలో ఒక్కోరోజు చెప్పిందనుకుంటాను, ఒక్కోరోజు చెప్పలేదనుకుంటాను. రెండోది అనుకున్న రోజు అన్నం దిగదు.

పైవి రెండు, కిందివి రెండు. నాయనమ్మ గొళ్ళెం తీసేసరికి వాకిలి ఊడ్చి, పేడనీళ్ళ సానుపు కూడా చల్లేశారు.

ఆ సాయంత్రమే సంగారెడ్డి నుంచి కబురొచ్చింది, పెంటయ్యకు జ్వరం దిగిందని, ఇడ్లీ అడిగి తిన్నాడని. దవాఖానలో రాత్రంతా సూదిమందు ఎక్కించారు, డాక్టరు అదృష్టవంతులు అన్నాడు. ఊరు మాత్రం లెక్క వేరే వేసుకుంది. పొద్దున పళ్ళు ఊడినాయి, సాయంత్రానికి పిలగాడు లేచిండు. ఇంతకంటే రుజువేం కావాలి? ఇప్పటికీ మా ఊళ్ళో ఆ మాటే చెప్పుకుంటారు.

బాపు వచ్చి విని, అరుగు మీద తల పట్టుకొని కూలబడ్డాడు. ఏసోబు తన సంచి వెతుక్కొని, ఆ కటింగ్ ప్లేయరు మాత్రం తీసి మా వాకిట్లో వదిలేశాడు. మూడోరోజు పొద్దున్నే ట్రంకు నెత్తిన పెట్టుకొని బొంబాయి రోడ్డు వైపు నడిచాడు. వెనక బుల్లెమ్మ, కొంగు ముక్కు కింది నుంచి చుట్టుకొని. నేను గుంజ దగ్గర నిలబడ్డాను. నన్ను చూస్తుందని, తిట్టినా బాగుండునని చూశాను. ఆమె తలెత్తలేదు. బస్సుకు పోయే ఏ మనిషైనా గుంజను చూడకుండా పోయినట్టు పోయింది. క్రిస్మస్‌కు ఇంకా మూడు రోజులుంది.

అర్రకు తాళం వేశారు. ఆ అర్రను మళ్ళీ ఎవరూ కిరాయికి అడగలేదు. తుమ్మకొమ్మ, దాని చుక్కలు లోపలే ఉండిపోయాయి. తీసేయడానికి కూడా ఊళ్ళో ఎవరికీ ధైర్యం చాలలేదు.

జూన్‌లో మిరుగు వానలు మొదలైనప్పుడు నేను కిటికీలోంచి చూశాను. కొమ్మ ఆకులన్నీ రాలి, ముళ్ళు మిగిలాయి. చుక్కలు అట్లాగే వేలాడుతున్నాయి. వాటికి చెమట పట్టింది. ప్రతి చుక్క కొమ్ముకొసనా ఒక నీటిబొట్టు. చప్పుడు లేకుండా బొట్లు ఒక్కొక్కటే కిందపడుతున్నాయి, నేల మీద ఎర్రగా పచ్చగా మరకలు. ఇల్లు కురవలేదు, కప్పు మంచిదే. ఉప్పు గాలిలో తేమ లాగుతుందని ఆరో తరగతిలో సారు చెప్పాడు. చెప్పినాక కూడా నేను ఆ కిటికీ వైపు పోలేదు. తడికి మెత్తబడి రాలిన చుక్క నేలకు తగిలి చితికిన చప్పుడు మా ఇంట్లోకి వినబడేది. ఆ వానాకాలమంతా విన్నాను. నాయనమ్మ కూడా వినేది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా అన్నం తినేవాళ్ళం.

నాయనమ్మ ఆ తర్వాత మారింది. మోకాళ్ళకు ఎవరినీ నూనె రాయనివ్వలేదు. బొమ్మను ఏం చేశావని అమ్మ అడిగితే, వాగులో పారేసిన అంది. మరొకటి, ఉప్పుకుండను ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. వంటింటి మూలన నడుమెత్తు కుండ ఉండేది. ఏటా బండి మీద వచ్చే రాళ్ళ ఉప్పు కొని అందులో తనే నింపేది, తనే తీసేది. "ఉప్పు చేతికియ్యొద్దు, కొట్లాటలైతయి" అని సాకు. కూరలో ఉప్పు తక్కువైతే తనే లేచి వచ్చి వేసేది. నడవలేనప్పుడు కూడా గోడ పట్టుకొని లేచేది. ముసలితనం చాదస్తమని మేము నవ్వుకునేవాళ్ళం.

పోయిన చలికాలం నాయనమ్మ పోయింది. పన్నెండోరోజు అయినాక నేనూ, మరదలూ వంటిల్లు సర్దుతున్నాం. పెంటయ్య ఇప్పుడు అదే మందుల కంపెనీలో షిఫ్టు ఆపరేటరు. వాడికి నాలుగేళ్ళ బిడ్డ. అది నా కొంగు పట్టుకొని తిరుగుతోంది. ఉప్పుకుండ బరువుగా ఉంది, ఒంచి గోనెసంచిలోకి పోశాను. అడుగున ఉప్పు గడ్డకట్టింది. కత్తిపీటతో పొడిస్తే గుడ్డమూట తగిలింది.

విప్పకముందే తెలుసు నాకు.

బొమ్మ చెక్కుచెదరలేదు. ఉప్పులో ఉంది కదా, ఇంకా గట్టిపడింది. నెత్తిన వెంట్రుకల ఉంగరం అట్లాగే ఉంది, నల్లగా. వీరన్నకు చేరని వెంట్రుక. బోర్లించాను. ముద్ర, ముద్ర మీద గీత. నా బొటనవేలు పెట్టి చూశాను. వేలు పెద్దదైంది, గీత మాత్రం గీతకు సరిపోయింది.

ఎవరైనా బాణామతి బొమ్మను వంటింట్లో పెట్టుకుంటారా? మనవడు తినే ఉప్పులో పెడతారా? నాయనమ్మకు ఇది ఒట్టి ఆటబొమ్మ అని తెలుసు. ఎవరి ఆటో కూడా తెలుసు. నన్ను కాపాడడానికే దాచింది. లేకపోతే దేవుడి జుట్టు కోసిన పిల్లనని, బాణామతి నేర్చిన పిల్లనని నా మీద పడేవాళ్ళు. అదంతా అర్థమవుతుంది. అర్థం కానిది ఒక్కటే. బొమ్మను ఆమె ఎప్పుడు బోర్లించి చూసింది? బుల్లెమ్మ వాకిట్లో నా పేరు చెప్పినాకనా? అన్నీ అయిపోయి, ఇల్లు సద్దుమణిగినాకనా? లేక ముందురోజు సాయంత్రమే చూసి, తెలిసే, నా తలుపుకు గొళ్ళెం పెట్టిందా? అడగడానికి ఇప్పుడు మనిషి లేదు. ఉన్నన్నాళ్ళూ ఇద్దరం ఒకే మాట నోట్లో పెట్టుకొని, ఆమె వేసిన ఉప్పే తిన్నాం.

"అత్తా, గదేంది?" అంది చిన్నది.

"బొమ్మ బిడ్డా."

చేతిలోకి తీసుకొని, వెంట్రుకలు నిమిరింది. పెంటయ్య డ్యూటీ బట్టల్లో వచ్చి గడపలో నిలబడ్డాడు. టిఫిను డబ్బా కోసం చూస్తూ, "ఏం బొమ్మ అక్కా?" అని తొంగిచూశాడు. వాడికి ఏమీ గుర్తులేదు. మూడేళ్ళ వయసులో ఏం గుర్తుంటుంది? జ్వరమొస్తే ఎవరో మంత్రగత్తె పళ్ళూడగొట్టి బతికించారని మాత్రం విన్నాడు, అందరిలాగే.

"మంచిగున్నది. గిదెవరు చేసిండ్రు అత్తా?" అంది చిన్నది.

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. మరదలు గిన్నెలు తోముతోంది. కొట్టేవాళ్ళు లేరు, తిట్టేవాళ్ళు లేరు. చిన్నరాములు కాక మంచం పట్టాడు. పిల్ల ముఖమెత్తి నా వైపే చూస్తోంది. తమ్ముడు కూడా చూస్తున్నాడు. రెండు మాటలు చెప్తే చాలు. ఇరవై మూడేళ్ళుగా ఎదురుచూసిన ప్రశ్న, ఎవరూ అడగరనుకున్న ప్రశ్న, మళ్ళీ అడిగారు.

"మనింట్ల కిరాయికుండె ఒకామె" అన్నాను. "బుల్లెమ్మ అని."

"గట్లనా" అని పెంటయ్య టిఫిను డబ్బా తీసుకొని పోయాడు. సైరన్‌కు ఇంకా పది నిమిషాలుంది. చిన్నది బొమ్మను నాలుకకు ఆనించి, ఉప్పగా ఉందని ముఖం పెట్టింది.

దాని దగ్గరినుంచి బొమ్మ తీసుకుందామని చేయి చాపాను. చేయి విచ్చుకోలేదు. చూసుకుంటే, బొటనవేలు గుప్పిట్లో ఉంది.